లోడ్ లేకపోతే ఊగుతుంది, లోడ్ పడితే నల్లపొగ: ఒక జనరేటర్ కేసు

పర్లాకిమిడి ప్రాంతంలో చిన్న పెట్రోల్ ఇంజన్లు బాగుచేయడం నా వృత్తి. నీళ్ల పంపులు, స్ప్రేయర్లు, కలుపు తీసే మెషీన్లు వస్తుంటాయి కానీ జనరేటర్లే ఎక్కువ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కరెంటు లేక పడ్డ అవస్థ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆ తర్వాత జనరేటర్ కొనుక్కున్న ఇళ్లు, దుకాణాలు నాకు చాలానే తెలుసు. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఏడాదికి ఎప్పుడో ఒకసారి తప్ప తీయరు. రోజూ నడిచే జనరేటర్ నా దగ్గరికి రావడం తక్కువ. మూల పడి ఉన్నదే వస్తుంది.

ఈ కేసు ఒక టెంట్ హౌస్‌ వారిది. యజమాని ఎవరో, ఊరేదో తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను. దీన్ని రాసిపెట్టడానికి కారణం సన్న డ్రిల్ బిట్లు. 0.3 మిల్లీమీటర్ల నుంచి 1.6 దాకా వరసగా అమర్చిన బిట్లు, వాటిని పట్టుకోవడానికి పిన్ వైస్ అనే చిన్న చేతి చక్, అన్నీ ఒకే డబ్బాలో ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. కుర్రాళ్లు కొంటున్నారు, జెట్లలో, అంటే కార్బరేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కల్లో, దూరుస్తున్నారు. ఆ బిట్లు మంచి పనిముట్లు, నేనూ వాడతాను. కానీ జెట్ దగ్గర వాటి అసలు ఉపయోగం కొలవడం. ఈ జనరేటర్ చెడిందీ బాగుపడిందీ కూడా ఆ డబ్బాతోనే.

మెషీన్ సంగతి

రెండున్నర కేవీఏ పెట్రోల్ జనరేటర్. ఒకటే సిలిండర్, ఫోర్ స్ట్రోక్. 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. లోడ్ పెరిగినా తగ్గినా ఆ వేగం మారకుండా గవర్నర్ అనే భాగం థ్రాటిల్‌ని, అంటే ఇంజన్‌లోకి పెట్రోల్, గాలి కలిసి పోయే దారిలోని పళ్లేన్ని, తెరుస్తూ మూస్తూ ఉంటుంది.

పెళ్లిళ్ల సీజన్‌లో దీనికి తీరిక ఉండదు. ఆషాఢం రాగానే టార్పాలిన్ కప్పి గోడౌన్‌లో పెట్టేశారు, ట్యాంకులో పెట్రోల్ అలాగే ఉంచి. పైగా వానాకాలం. శ్రావణంలో ముహూర్తాలు మొదలవగానే బయటికి తీస్తే స్టార్ట్ అయింది గానీ రేస్ ఎక్కుతూ దిగుతూ ఊగిపోతోంది. యజమాని మేనల్లుడు చురుకైన కుర్రాడు, పని నేర్చుకోవాలని ఆశ. వీడియో చూసి, కార్బరేటర్ విప్పి, కొత్తగా తెప్పించుకున్న బిట్లతో మెయిన్ జెట్ 'క్లీన్' చేశాడు. ఆ తర్వాత కూడా ఊగడం పోలేదు. దానికి తోడు లోడ్ పెట్టగానే నల్లపొగ వస్తోంది.

అప్పుడు నా దగ్గరికి తెచ్చారు. వారంలో పెళ్లి ఆర్డర్ ఉంది. యజమాని టెన్షన్‌లో ఉన్నాడు. "మేస్త్రీ, కొత్త కార్బరేటరే ఏసేద్దుమా?" అన్నాడు.

"ఏద్దాం గానీ బాబూ, ముందు దీని బాధేటో చూడనియ్యండి" అన్నాను.

విప్పకముందు చూసినవి

ఖాళీగా నడిపి మల్టీమీటర్‌ని హెర్ట్జ్‌లో పెట్టి చూస్తే అంకె 46కీ 54కీ మధ్య కొట్టుకుంటోంది. చోక్ సగం మూశాను. ఊగడం ఆగి, ఇంజన్ ఒక్క గొంతుతో నడిచింది. గాలి తగ్గిస్తే కుదురుకుంది కాబట్టి ఖాళీగా తిరిగేటప్పుడు దానికి పెట్రోల్ చాలడం లేదు. పెట్రోల్ చాలక వేగం పడిపోతుంది. గవర్నర్ వెంటనే థ్రాటిల్ తెరుస్తుంది. వేగం హద్దు దాటుతుంది, మళ్లీ మూస్తుంది. ఈ తంతే బయటికి ఊగుడుగా కనిపిస్తుంది.

తర్వాత రెండు హాలోజన్ లైట్లు తగిలించాను. ఊగడం తగ్గింది, సైలెన్సర్ నుంచి నల్లపొగ మొదలైంది. ఇప్పుడు చోక్ కొంచెం మూస్తే పొగ ఇంకా దట్టమై ఇంజన్ ఆగిపోబోయింది. ప్లగ్ తీసి చూస్తే పొడి మసి. అంటే లోడ్ మీద పెట్రోల్ ఎక్కువైపోతోంది.

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. ఒకే ఇంజన్‌కి ఒకచోట పెట్రోల్ చాలడం లేదు, ఇంకోచోట ఎక్కువవుతోంది. ఒకే లోపం అనుకుని వెతికితే దారి తప్పుతాం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనుకుంటే పొగ సంగతి తేలుతుంది, ఊగుడు సంగతి తేలదు. గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందనుకుంటే ఊగుడు సంగతి తేలుతుంది, పొగ సంగతి తేలదు. కార్బరేటర్‌లో ఈ రెండు స్థితులకీ పెట్రోల్ ఇచ్చే దారులు వేరు. ఖాళీగా నడిచేటప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, అక్కడ పెత్తనం పైలట్ జెట్‌ది. లోడ్ పడి థ్రాటిల్ తెరుచుకున్నాక పెత్తనం మెయిన్ జెట్‌ది. కుర్రాడు బిట్ పెట్టింది మెయిన్ జెట్‌లో. కాబట్టి మొదటి లోపం పైలట్ జెట్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, మెయిన్ జెట్‌లో రెండోది కొత్తగా పుట్టింది. ఇది నా అనుమానం. రుజువు కావాలి.

మిగతావి త్వరగానే తేలాయి. ట్యాంకు మూత వదులు చేసి నడిపినా తేడా లేదు, అంటే మూతలోని గాలి రంధ్రం బాగుంది. సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, కార్బరేటర్ వెనక గాస్కెట్ల చుట్టూ సబ్బు నీళ్లు చిలకరించాను. ఇంజన్ గొంతు మారలేదు, అంటే అక్కడ గాలి లాగడం లేదు. గవర్నర్ స్క్రూ మీద కంపెనీ వేసిన పెయింట్ చుక్క చెదరలేదు, కాబట్టి దాని జోలికి పోలేదు. ఊగుతున్న జనరేటర్ కనిపిస్తే ముందు గవర్నర్ స్ప్రింగ్ లాగి చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే అసలు లోపం దాక్కుంటుంది, ఫ్రీక్వెన్సీ కూడా పాడవుతుంది.

చివరగా షాపులో ఉన్న అదే రకం స్పేర్ కార్బరేటర్ బిగించి నడిపాను. ఊగుడు లేదు, పొగా లేదు. ఇంజన్, గవర్నర్, ప్లగ్ అన్నీ బాగున్నాయని తేలిపోయింది. పెళ్లి ఆర్డర్‌కి జనరేటర్‌ని ఆ స్పేర్‌తోనే, ట్యాంకుకి బదులు వేరే డబ్బాలో తాజా పెట్రోల్ పోయించి పంపాను. దాని సొంత కార్బరేటర్ బల్ల మీద మిగిలింది. ముహూర్తం తరుముతుంటే జెట్ల పని చేయకూడదు. తొందరలో ఉన్న చెయ్యే బిట్‌ని గట్టిగా నొక్కుతుంది.

పైలట్ జెట్: లొంగనిదీ, లొంగదీసిందీ

ఫ్లోట్ బౌల్, అంటే కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, విప్పగానే అడుగున తెల్లటి పొడి, దాని మీద గోధుమరంగు జిగురు. తెల్లపొడి నీళ్ల వల్ల అల్యూమినియం తినేసుకుపోయిన గుర్తు. జిగురు నెలల తరబడి నిలవున్న పెట్రోల్ మిగిల్చింది. పులిసిన వార్నిష్ వాసన కొట్టింది.

ఫ్లోట్, నీడిల్, రబ్బరు రింగులు అన్నీ ముందే తీసి పక్కన పెట్టాను. కార్బరేటర్ క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. పైలట్ జెట్ ఈ రకంలో పైనుంచి దిగుతుంది, తల ప్లాస్టిక్, మొన ఇత్తడి. జెట్ తీశాక ఆ ఖాళీలో స్ప్రే గొట్టం పెట్టి కొడితే థ్రాటిల్ పళ్లెం పక్కనున్న సన్న రంధ్రాల్లోంచి ధార బయటికి వచ్చింది. బాడీలో దారి తెరిచే ఉందన్నమాట, అడ్డం జెట్‌లోనే. ఈ పరీక్ష చేసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఆ ధార ఎటు తిరిగి ఎక్కడ బయటికొస్తుందో ముందే చెప్పలేం, చాలాసార్లు కంటికేసే వస్తుంది.

కుర్రాడి బిట్ల డబ్బాలో 0.3 బిట్ గడి ఖాళీగా ఉండటం అప్పుడే గమనించాను. "ఇదేది బాబూ?" అని అడిగితే "విరిగిపోయింది మావయ్యా, బల్ల మీదే విరిగింది అనుకుంటా" అన్నాడు కుర్రాడు. అనుకుంటా అంటే చాలదు. విరిగిన ముక్క పైలట్ జెట్‌లోనే ఇరుక్కుని ఉంటే ఎంత నానబెట్టినా లాభం లేదు, జెట్ పారేయడమే. బిట్ ఉక్కు, జెట్ మొన ఇత్తడి. జెట్‌ని కుట్టుదారానికి కట్టి వేలాడదీసి, పాత స్పీకర్‌లోని అయస్కాంతం దగ్గరికి తెచ్చాను. కదల్లేదు. అదే అయస్కాంతాన్ని కుర్రాడు పనిచేసిన బల్ల మీద తిప్పమంటే వెంట్రుకంత ముక్క దానికి అంటుకుని వచ్చింది. ఇక ధైర్యంగా ముందుకెళ్లొచ్చు.

జెట్ మీద 35 అని అంకె ఉంది. ఈ రకం జెట్లలో అది రంధ్రం సుమారు 0.35 మిల్లీమీటర్లని చెబుతుంది. అన్ని కంపెనీలదీ ఒకే లెక్క కాదు. కొన్ని జెట్ల మీద అంకె రంధ్రం సైజు కాదు, దాని గుండా పారే పెట్రోల్ లెక్క. ఆ తేడా తెలుసుకోకుండా అంకె చూసి బిట్ ఎంచుకోవడం ప్రమాదం.

నా పద్ధతి మెత్తనిదాంతో మొదలుపెట్టి గట్టిదాని వైపు పోవడం. మొదట క్లీనర్ స్ప్రే, తర్వాత కంప్రెసర్ గాలి. గాలి సన్నగా వెళ్లింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, గాలి పోయింది కదా అని. రంధ్రం సగం మూసుకున్నా గాలి పోతుంది. భూతద్దం పెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే గుండ్రంగా కనపడాల్సిన వెలుగు చుక్క నెలవంకలా ఉంది. ఒక పక్క జిగురు గోడ కట్టింది.

ఇత్తడి మొన వరకు మాత్రమే క్లీనర్‌లో నానబెట్టాను, ప్లాస్టిక్ తల మునగకుండా. నెలవంక కొంచెం లావయింది, అంతే. తర్వాత రాగి పోగు. 24/0.2 అని రాసి ఉండే మామూలు ఫ్లెక్సిబుల్ వైరులో ఒక్కో పోగు 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది. రాగి ఇత్తడి కంటే మెత్తన, జెట్‌ని గీయదు. అయితే ఆ మెత్తదనమే ఇక్కడ అడ్డమైంది. గట్టిపడ్డ జిగురుకి తగిలి పోగు వంగిపోయింది. కిరోసిన్ స్టవ్ పిన్ను పెట్టమని షాపులో ఒకరు సలహా ఇచ్చారు. స్టవ్ పిన్ను ఉక్కు తీగ, కొనెలా ఉందో ఎవరూ చూడరు, లావు ఎంతో ఎవరూ కొలవరు. వద్దన్నాను. గ్యాస్ వెల్డింగ్ నాజిళ్లు శుభ్రం చేసే ఆకురాయి తీగలు కూడా నా బల్ల మీదికి రానివ్వను. అవి శుభ్రం చేయడమంటే అరగదీయడమే.

దారి చూపించింది బజార్లోని కంసాలి. నగలు కడగడానికి ఆయన దగ్గర చిన్న అల్ట్రాసోనిక్ మెషీన్ ఉంది. గోరువెచ్చటి నీళ్లు, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, అందులో జెట్. పెట్రోల్ తడి పూర్తిగా ఆరాకే తీసుకెళ్లాను. పెట్రోల్ గానీ క్లీనర్ గానీ ఆ తొట్టిలో పోయకూడదు, ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. బయటికి తీశాక జిగురు పోలేదు గానీ మెత్తబడింది. ఈసారి రాగి పోగు వంగకుండా దూరింది, కొసకి గోధుమరంగు బంక అంటుకుని వచ్చింది.

బిట్ తీసింది అప్పుడు. 0.35 రంధ్రానికి 0.35 బిట్ కాదు, 0.30. కొత్త బిట్ ఆ కంసాలే ఇచ్చాడు, ఆయనకి రోజూ పనికొచ్చే సైజే అది. పిన్ వైస్‌లో కొస కొద్దిగానే బయటికి ఉండేలా బిగించాను, పొడుగ్గా వదిలితే చిన్న ఒంపుకే విరుగుతుంది. బిట్‌ని క్లీనర్‌తో తడిపి, వేళ్ల మధ్య ఎడమవైపు తిప్పుతూ దించాను. డ్రిల్ బిట్ కోసేది కుడివైపు తిరిగినప్పుడు. ఎడమవైపు తిప్పితే అంచు ఇత్తడిని కొరకదు, బిట్ మీది మెలికల గాళ్లలోకి జిగురు మాత్రం చేరుతుంది. నొక్కడం అనేదే లేదు, పిన్ వైస్ బరువు చాలు.

ప్రతిసారీ బిట్ తీసి తెల్లకాగితం మీద తుడవాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. కాగితం మీద గోధుమరంగు మరక పడితే జిగురు వస్తోంది, పని సాగనివ్వొచ్చు. పసుపుపచ్చగా తళుక్కుమనే నలుసు ఒక్కటి కనపడినా ఆపేయాలి. అది జెట్‌లోంచి వచ్చిన ఇత్తడి. ఈ కాగితం మీద చివరిదాకా మరకలే పడ్డాయి. భూతద్దంలో వెలుగు చుక్క గుండ్రంగా వచ్చింది. 0.30 వదులుగా దిగుతోంది, 0.40 దిగడం లేదు. అంతకంటే ఆ రంధ్రం నుంచి ఏమీ ఆశించకూడదు.

మెయిన్ జెట్: బిట్టే కొలబద్ద

మెయిన్ జెట్ మీద 65 అని ఉంది. దీన్ని శుభ్రం చేయాల్సిన పని లేదు, తళతళ మెరుస్తోంది. ఆ మెరుపే అనుమానం. మూలపడ్డ కార్బరేటర్‌లో లోపలి గోడ మెరిసే జెట్ ఉందంటే ఏదో దాన్ని గీకిందని అర్థం.

బిట్లను వెనక్కి తిప్పి, నున్నటి కాడ వైపు నుంచి జెట్‌లోకి దించి చూశాను. ముందుగా ప్రతి కాడనీ మైక్రోమీటర్‌తో కొలిచి కాగితం మీద రాసుకున్నాను. చవక డబ్బాల్లో గడి మీద రాసింది ఒకటి, లోపల బిట్ ఒకటి ఉండటం మామూలే. గాళ్ల వైపు ఒక సైజు, కాడ వైపు ఇంకో సైజు ఉండే బిట్లూ ఉన్నాయి, కొలిచేందుకు అవి పనికిరావు. 0.65 జారిపోయింది. 0.70 కూడా. 0.75 కొంచెం ఆటతో దిగింది. 0.80 ఆగింది. రంధ్రం 0.75 దాటింది, 0.80 లోపు.

"పది పాయింట్లే కదా మావయ్యా, అంత పొగెందుకొస్తాది?" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్న. పెట్రోల్ పారేది అడ్డకొలతని బట్టి కాదు, రంధ్రం వైశాల్యాన్ని బట్టి. 0.75ని 0.65తో భాగించి ఆ వచ్చిన దాన్ని దానితోనే గుణిస్తే 1.33. అంటే రంధ్రం మూడోవంతు పెద్దదైంది. మిల్లీమీటర్‌లో పదో వంతు తేడాకి మూడోవంతు ఎక్కువ పెట్రోల్ పారే దారి ఏర్పడింది. కాగితం మీద లెక్క వేసి చూపించాక కుర్రాడు మారు మాట్లాడలేదు, తన ఫోన్‌లో మిగతా సైజులకి కూడా లెక్క వేసుకున్నాడు.

ఆ రంధ్రాన్ని సోల్డర్‌తో పూడ్చి 0.65 బిట్‌తో మళ్లీ తొలిస్తే సరిపోదా అని యజమాని అడిగాడు. అలా చేసేవాళ్లు ఉన్నారు, అవసరానికి నడుస్తుంది కూడా. నేను ఒప్పుకోలేదు. జెట్ అంటే సైజు ఒక్కటే కాదు. రంధ్రం నోటి దగ్గర వాలు, దాని పొడుగు, గోడ నునుపు, ఇవన్నీ పెట్రోల్ ఎంత పారాలో తేలుస్తాయి. చేత్తో తొలిచిన రంధ్రం కోలగా వస్తుంది, అంచున గరుకు మిగులుతుంది. పైగా జెట్ మీద 65 అనే అంకె అలాగే ఉంటుంది, రేపు ఇంకో మెకానిక్ ఆ అంకెని నమ్ముతాడు. జెట్ ధర టెంట్ హౌస్ వారికి ఒక పూట టీ ఖర్చు కూడా కాదు. విశాఖ నుంచి కొత్తది తెప్పించాం. వచ్చిన దాన్ని కూడా బిగించే ముందు అవే కాడలతో కొలిచాను: 0.60 దిగింది, 0.70 దిగలేదు. పాత జెట్‌ని ప్లయర్‌తో నొక్కి పారేశాను, ఎవరూ మళ్లీ వాడకుండా. మెయిన్ జెట్ పైన కూర్చుని పెట్రోల్‌లో గాలి కలిపే గొట్టం, ఎమల్షన్ ట్యూబ్, దాని పక్క రంధ్రాలు రాగి పోగుకే తెరుచుకున్నాయి.

ట్యాంకు సంగతి చూడకపోతే

కార్బరేటర్ సిద్ధమయ్యాక బిగించేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. బౌల్‌లోని తెల్లపొడి ఎక్కడిదో తేలకుండా బిగిస్తే కొత్త జెట్‌దీ అదే గతి. కొత్త కార్బరేటర్ వేసేద్దామన్న మొదటి మాటకి నేను తల ఊపకపోవడానికి కారణం కూడా ఇదే.

ట్యాంకు అడుగు పెట్రోల్‌ని గాజు సీసాలోకి పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాను. పొద్దున్నకి సీసాలో రెండు పొరలు, అడుగున మబ్బుగా ఒకటి, పైన పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు నీటిని కలుపుకునే ఉంటుంది, హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. సగం ఖాళీ ట్యాంకు, వానాకాలపు గాలి, సరిగా బిగియని మూత ఉంటే చాలు. ఆ అడుగు పొరే ముందు కార్బరేటర్‌కి చేరుతుంది.

ట్యాంకు దించి కడిగి, ఎండలో ఆరబెట్టి, ట్యాప్‌లోని జాలీ మార్చి, పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ వేశాను. మూత రబ్బరు వాషర్ చిట్లి ఉంది, అదీ మార్చాం.

ఫలితం

పెళ్లి ముగిసి జనరేటర్ తిరిగొచ్చాక స్పేర్ విప్పి సొంత కార్బరేటర్ బిగించాను. చోక్ పూర్తిగా తెరిచి, ఖాళీగా: మీటర్ 52 దగ్గర నిలబడింది. హాలోజన్లు ఒక్కోటీ తగిలిస్తూ పోతే 50కి కొంచెం అటూ ఇటూ. పొగ లేదు. కొంతసేపు లోడ్ మీద నడిపి ప్లగ్ తీస్తే లేత ఇటుక రంగు. గవర్నర్ స్క్రూ మీద పెయింట్ చుక్క అలాగే ఉంది.

మేనల్లుడికి డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు మూత లోపలి వైపు, మైక్రోమీటర్‌తో కొలిచిన అసలు సైజులు మార్కర్‌తో రాసి ఇచ్చాను. పిన్ వైస్ ఎడమవైపు తిప్పడం నా దగ్గరున్న వేరే పాత జెట్ మీద వాడి చేతే చేయించాను. కాగితం మీద మొదట్లో పసుపుపచ్చ నలుసులు పడ్డాయి, చెయ్యి తేలికయ్యేసరికి ఆగిపోయాయి. పాత జెట్లు పారేయకుండా కొన్ని ఇందుకే ఉంచుతాను.

యజమానికి చెప్పింది ఒకే పని. మూఢం గానీ ఆషాఢం గానీ వచ్చి ఆర్డర్లు లేవని తెలిసిన రోజున ట్యాంకు ఖాళీ చేసి, జనరేటర్‌ని స్టార్ట్ చేసి, పెట్రోల్ ట్యాప్ కట్టేసి, దానంతట అది ఆగేదాకా నడవనివ్వాలి. ఆగాక కూడా బౌల్ అడుగున కొంత మిగులుతుంది. బౌల్ కింద బోల్టు వదులు చేసి ఆ మిగిలింది గిన్నెలోకి దించేయాలి. తర్వాతి ఆషాఢంలో కుర్రాడు ఫోన్ చేసి, బోల్టు తీస్తే చెంచాడు పెట్రోల్ దిగిందని, తెల్లపొడి లేదని, బోల్టుకి ఉన్న వాషర్ మళ్లీ అదే వేయొచ్చా అని అడిగాడు. నొక్కుకుపోకుండా ఉంటే వేయొచ్చు, పగులు కనిపిస్తే మార్చెయ్యమని చెప్పాను.